పసరు మందు రాగిని దించుతుందా?
విల్సన్ వ్యాధి గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు

మన ఊళ్ళలో పిల్లవాడి కళ్ళు పచ్చబడితే చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది ఆసుపత్రి కాదు, పసరు మందు. ఫలానా ఊరిలో ఫలానావారు మూడు పూటలు పసరు పోస్తారు, ఉప్పు కారం లేకుండా పత్యం ఉంటే చాలు, కామెర్లు దిగిపోతాయి అని పక్కింటివారు, బంధువులు చెబుతారు. కొందరు నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇస్తారు. కొందరు ముక్కులో పసరు పిండుతారు. కొన్నిచోట్ల చేతికి వాత కూడా పెడతారు. కామెర్లు తగ్గినవాళ్ళు ప్రతి ఊరిలోనూ ఉంటారు కనుక ఈ నమ్మకాన్ని తేలికగా తీసిపారేయలేము.

అయితే కామెర్లు ఒక జబ్బు కాదు. అది ఒక గుర్తు మాత్రమే. దాని వెనుక ఎన్నో జబ్బులు ఉండవచ్చు. వాటిలో ఒకటి వంశపారంపర్యంగా వచ్చే విల్సన్ వ్యాధి. దీనికి మంచి మందులు ఉన్నాయి. సకాలంలో గుర్తించి మందులు వాడితే బిడ్డ అందరిలాగే చదువుకుంటాడు, ఉద్యోగం చేస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు. గుర్తించకుండా పసరుతో కాలం గడిపితే కాలేయం, మెదడు రెండూ పాడవుతాయి. అందుకే ఈసారి ఆకు మందుల గురించి, వాటిలోని పదార్థాల మీద జరిగిన పరిశోధనల గురించి కాస్త వివరంగా తెలుసుకుందాం.

పసరు పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది?

పిల్లలకు వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్-ఏ వైరస్ వల్ల వస్తాయి. చాలామంది పిల్లల్లో ఇది కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. పసరు పోసినా తగ్గుతుంది, పోయకపోయినా తగ్గుతుంది. కానీ పోసిన తరువాత తగ్గింది కాబట్టి మంచి పేరు పసరుకు వస్తుంది.

విల్సన్ వ్యాధిలో ఇంకొక మోసం ఉంది. ఈ వ్యాధిలో కామెర్లు ఒకసారి వచ్చి, కొంతకాలానికి వాటంతట అవే దిగిపోవచ్చు. ఇంట్లోవాళ్ళు జబ్బు నయమైందనుకుంటారు. లోపల మాత్రం జబ్బు పెరుగుతూనే ఉంటుంది. మళ్ళీ కామెర్లు వచ్చేసరికి, లేదా పొట్టలో నీరు చేరేసరికి, కాలేయం బాగా దెబ్బతిని ఉంటుంది.

విల్సన్ వ్యాధి అంటే ఏమిటి?

మనం తినే ఆహారంలో రాగి లోహం చాలా కొద్ది మోతాదులో ఉంటుంది. శరీరానికి అది అవసరమే. అవసరానికి మించిన రాగిని కాలేయం పైత్యరసంలోకి పంపిస్తుంది. అక్కడి నుంచి అది మలంతో బయటికి పోతుంది. ఈ పని చేయడానికి కాలేయ కణాల్లో ఒక ప్రోటీన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఏటీపీ7బి. ఇది 13వ క్రోమోజోము మీద ఉందని, అందులోని లోపమే ఈ వ్యాధికి కారణమని 1993లో కనుగొన్నారు.

ఈ ప్రోటీన్‌ను మూటలు మోసే కూలీ అనుకోండి. కూలీ లేకపోతే మూటలు గోదాములోనే పేరుకుపోతాయి. విల్సన్ వ్యాధిలో జరిగేది అదే. పుట్టినప్పటి నుంచి రాగి కాలేయంలో కొద్దికొద్దిగా పేరుకుంటుంది. కాలేయం నిండిన తరువాత రక్తంలోకి చేరి మెదడు, కళ్ళు, మూత్రపిండాల్లో చేరుతుంది. శామ్యూల్ కిన్నియర్ విల్సన్ అనే వైద్యుడు 1912లో లండన్‌లో ఈ వ్యాధిని వివరంగా వర్ణించారు. అందుకే దీనికి ఆయన పేరు వచ్చింది. సుమారు 30,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా.

ఏ గుర్తులు చూడాలి?

సాధారణంగా 5 నుంచి 35 ఏళ్ళ మధ్య ఈ వ్యాధి బయటపడుతుంది. చిన్న పిల్లల్లో కాలేయం జబ్బుగా, పదిహేను ఇరవై ఏళ్ళ వయసులో నరాల జబ్బుగా కనిపించడం ఎక్కువ.

- మళ్ళీ మళ్ళీ కామెర్లు రావడం, కాళ్ళవాపు, పొట్ట ఉబ్బడం
- చేతులు వణకడం, చక్కగా ఉన్న చేతిరాత పాడవడం
- మాట ముద్దగా రావడం, నోటి నుంచి చొంగ కారడం
- చదువులో ఉన్నట్టుండి వెనుకబడటం, కారణం లేని కోపం, ప్రవర్తనలో మార్పు
- కంటి నల్లగుడ్డు అంచున గోధుమ లేక బంగారు రంగు వలయం

చివరి గుర్తును కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తారు. కాలేయం మాత్రమే దెబ్బతిన్నవారిలో చాలామందికి ఈ వలయం ఉండదు. కనుక వలయం లేదని వ్యాధి లేదనుకోకూడదు. రక్తంలో సెరులోప్లాస్మిన్ పరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి పరీక్ష, అవసరమైతే జన్యు పరీక్ష చేసి నిర్ధారిస్తారు.

బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాల్లో తాము చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. వారిలో ఎక్కువమంది నరాల లక్షణాలతో వచ్చినవారే. మెదడు దాకా రాగి చేరకముందే, కామెర్ల దశలోనే గుర్తించగలిగితే ఎంత మేలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మొక్కల్లోని పదార్థాల మీద పరిశోధన ఏం చెబుతోంది?

విల్సన్ వ్యాధికి ఏ మందు చెప్పినా మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది శరీరం నుంచి రాగిని బయటికి పంపుతుందా, లేక రాగిని లోపలికి రాకుండా ఆపుతుందా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని ఒక్కొక్కటే చూద్దాం.

పసుపు: పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్కుమిన్. విల్సన్ వ్యాధి ఉన్న చాలామందిలో పైన చెప్పిన ప్రోటీన్ అసలు లేకుండా పోదు. అది వంకరగా తయారవుతుంది, కణం దాన్ని పనికిరానిదిగా ఎంచి పారేస్తుంది. కర్కుమిన్ కలిపినప్పుడు ఇలాంటి కొన్ని ప్రోటీన్లు కొంతవరకు నిలబడుతున్నాయని 2009లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఇది నిజంగా ఆశ కలిగించే విషయమే. కానీ ఆ పరీక్ష ప్రయోగశాలలో పెంచిన కణాల మీద జరిగింది, రోగుల మీద కాదు. పైగా మనం తిన్న కర్కుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. విల్సన్ రోగుల్లో మామూలు మందులకు బదులుగా పసుపు పనిచేస్తుందని ఇప్పటివరకు నిరూపణ కాలేదు.

నేల ఉసిరి: 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉన్న 37 మందికి నేల ఉసిరి ఇస్తే 22 మందిలో వైరస్ గుర్తు పోయిందని అందులో రాశారు. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. ఒక్క మంచి వార్త వినగానే మందు దొరికిందనుకోకూడదని దీనివల్ల తెలుస్తుంది. అదీగాక అది వైరస్ గురించిన పరీక్ష. నేల ఉసిరి రాగిని దించుతుందని ఎవరూ నిరూపించలేదు.

సిలిమారిన్: మధ్యధరా ప్రాంతంలో పెరిగే మిల్క్ థిసిల్ అనే ముళ్ళ మొక్క గింజల నుంచి తీసే మందు ఇది. మన మందుల షాపుల్లో కాలేయం మాత్రలుగా దొరుకుతుంది. విషపు పుట్టగొడుగులు తిన్నవారికి ఐరోపాలో దీనిలోని ఒక పదార్థాన్ని ఇంజెక్షనుగా ఇస్తారు. విల్సన్ వ్యాధిలో రాగిని తీసివేసే మందుగా మాత్రం దీనికి రుజువు లేదు. డాక్టరు తోడుగా రాస్తే వాడవచ్చు. దీన్నే అసలు మందు అనుకోకూడదు.

చైనా కషాయాలు: చైనాలోని అన్‌హుయ్ ప్రాంతపు వైద్యులు రేవలచిన్ని వంటి మూలికలతో చేసిన కషాయాన్ని విల్సన్ రోగులకు చాలా ఏళ్ళుగా ఇస్తున్నారు. అక్కడ కూడా ఎక్కువగా దాన్ని రాగిని దించే మందులతో పాటు కలిపి వాడుతున్నారు.

మేలు చేయకపోగా హాని చేసేవి

"ఆకు మందే కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు" అని చాలామంది అంటారు. విల్సన్ వ్యాధిలో ఈ మాట ప్రమాదకరం.

మొదటిది భస్మాలు. కాలేయం జబ్బులకు ఆయుర్వేదంలో పేరుపొందిన ఆరోగ్యవర్ధినీ వటి సంప్రదాయ తయారీలో తామ్ర భస్మం ఉంటుంది. తామ్రం అంటే రాగి. ఒంట్లో రాగి ఎక్కువై బాధపడుతున్న బిడ్డకు రాగి ఉన్న మందు ఇచ్చినట్టవుతుంది. పేరు తెలియని పొడులు, మాత్రలు ఇచ్చేవారి దగ్గర ఇలాంటి భస్మం ఉందో లేదో మనకు తెలియదు.

రెండవది రాగి చెంబు. రాత్రంతా రాగి పాత్రలో ఉంచిన నీళ్ళు తాగితే ఆరోగ్యమని ఈ మధ్య చాలా ఇళ్ళలో అలవాటు చేసుకున్నారు. విల్సన్ రోగి ఆ నీళ్ళు తాగరాదు. రాగి ఎక్కువైతే పసిబిడ్డల కాలేయం ఏమవుతుందో మన దేశం ఒకప్పుడు చూసింది. పసిపిల్లల కాలేయం గట్టిపడి చనిపోయే జబ్బు ఒకటి ఉండేది. పుణె నగరపు వైద్యులు, ఇంగ్లండు వైద్యులు కలిసి 1980లలో దీన్ని పరిశీలించారు. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాలతో దీనికి సంబంధం ఉందని చూపించారు. ఆ పాత్రలు మానిన తరువాత ఆ జబ్బు బాగా తగ్గిపోయింది.

మూడవది తిప్పతీగ. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసం చాలామంది దీన్ని వాడారు. అలా వాడిన 6 మందిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనితో ఏకీభవించలేదు. 2022లో హైదరాబాదు వైద్యులతో సహా 13 ఆసుపత్రులవారు కలిసి ఇలాంటి 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు.

నాలుగవది కర్కుమిన్ మాత్రలు. మిరియాలలోని పైపెరిన్ కలిపితే కర్కుమిన్ రక్తంలోకి చేరడం 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు చూపించారు. అప్పటి నుంచి ఈ రెండూ కలిపిన మాత్రలు ఎక్కువయ్యాయి. పసుపు మాత్రలు వాడిన 10 మందిలో కాలేయం దెబ్బతిన్నదని ఇటీవల అమెరికా వైద్యులు నమోదు చేశారు. అందులో ఒకరు మరణించారు. కూరలో వేసే పసుపు వేరు, ఎక్కువ మోతాదులో మింగే మాత్ర వేరు అని గుర్తుంచుకోండి.

రాగిని నిజంగా దించే మందులు

పెనిసిల్లమిన్ కథ తెలుసుకోదగినది. పెన్సిలిన్ మందు బూజు నుంచి వచ్చింది. ఆ పెన్సిలిన్ వాడిన రోగుల మూత్రంలో కనబడిన ఒక పదార్థం రాగిని పట్టుకోగలదని జాన్ వాల్ష్ అనే ఆంగ్ల వైద్యుడు ఆలోచించారు. రోగులకు ఇచ్చే ముందు దాన్ని తానే మింగి చూశారు. రోగులకు ఇచ్చినప్పుడు మూత్రంలో రాగి ఎక్కువగా పోవడం కొలిచి చూపించారు. 1956లో ఆ ఫలితాలు ప్రచురించారు. అంతవరకు ఈ వ్యాధి వచ్చినవారికి బతుకు మీద ఆశ తక్కువ.

అంటే ప్రకృతి నుంచి వచ్చిన పదార్థం మందు కాగలదు. కానీ ఎంత ఇవ్వాలి, ఎంత రాగి పోతోంది, ఏ హాని ఉంది అని కొలిచిన తరువాతే అది మందైంది. పసుపు కూడా ఆ పరీక్షలన్నీ దాటితే ఒకరోజు మందు కావచ్చు. ఆ రోజు వచ్చేవరకు రుజువైన మందులనే వాడాలి.

పెనిసిల్లమిన్ రాగిని మూత్రం ద్వారా పంపుతుంది. దీన్ని పరగడుపున వాడాలి, దానితో బి6 విటమిన్ కూడా ఇస్తారు. కొందరికి దద్దుర్లు, మూత్రంలో ప్రోటీను పోవడం, రక్తకణాలు తగ్గడం జరగవచ్చు. కొందరికి మొదట్లో వణుకు ఎక్కువ కావచ్చు. అందుకే రక్తం, మూత్రం పరీక్షలు తప్పనిసరి. ఇది పడనివారికి ట్రయెంటిన్ ఉంది. జింకు మాత్రలు పేగులోనే రాగిని ఆపి మలంతో పంపేస్తాయి. వీటికి 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. ధాన్యాలు, పప్పుల్లోని ఫైటేట్లు జింకును పట్టేస్తాయి కనుక దాన్ని భోజనంతో కలిపి వేసుకోకూడదు. జింకు, పెనిసిల్లమిన్ రెండూ రాస్తే, వాటి మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరును అడగండి. కాలేయం పూర్తిగా దెబ్బతిన్నవారికి కాలేయ మార్పిడి చేస్తారు.

మందు ఆపితే?

"ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఎన్నాళ్ళు ఈ మాత్రలు?" అని తల్లిదండ్రులు అడగడం సహజం. జవాబు: జీవితాంతం. పెనిసిల్లమిన్ సొంతంగా మానేసిన 11 మంది సంగతి 1987లో న్యూయార్కు వైద్యులు రాశారు. ఆ 11 మందిలో 8 మంది చనిపోయారు. మందు మానిన తరువాత వారు బతికింది సగటున 2.6 సంవత్సరాలే. ఏ పసరు కోసమైనా, ఎవరి మాట మీదైనా ఈ మాత్రలు ఆపకండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ సంగతి

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు చేరితేనే ఈ వ్యాధి వస్తుంది. తల్లిదండ్రులకు ఏ జబ్బూ ఉండదు. ఇది ఎవరి తప్పూ కాదు. తల్లిని నిందించడం అన్యాయం. ఒక బిడ్డకు వ్యాధి ఉంటే, తోడబుట్టిన ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే పూర్వీకుని నుంచి ఆ జన్యువు వచ్చే అవకాశం ఎక్కువ కనుక వ్యాధి కూడా ఎక్కువ కనిపిస్తుంది.

అందువల్ల ఒకరికి వ్యాధి తేలగానే, ఆరోగ్యంగా కనిపించే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే వ్యాధిని రాకుండా ఆపవచ్చని 1968లోనే వైద్యులు చూపించారు.

మీ ప్రశ్నలు - మా జవాబులు

రాగి జావ తాగవచ్చా?
పేరు ఒకటే గాని వస్తువు వేరు. రాగులు ధాన్యం, రాగి లోహం. పేరు చూసి భయపడి మానవద్దు. నిజంగా తగ్గించవలసినవి మేక, కోడి కార్జం, పీతలు, జీడిపప్పు వంటి గింజలు, పుట్టగొడుగులు, చాక్లెట్. మొదటి సంవత్సరం వీటిని మానడం మంచిది. అయితే పత్యం ఎంత చేసినా మందుకు బదులు కాదు.

కూరల్లో పసుపు వేయవచ్చా?
మామూలుగా వేసుకోవచ్చు.

ఉప్పు, నూనె లేని పత్యం అవసరమా?
అవసరం లేదు. ఎదిగే బిడ్డకు మంచి భోజనం కావాలి. పొట్టలో నీరు చేరినప్పుడు మాత్రమే డాక్టరు ఉప్పు తగ్గించమంటారు.

అమ్మాయికి పెళ్ళి, పిల్లలు సాధ్యమేనా?
సాధ్యమే. మందులు సరిగా వాడుతున్న స్త్రీలు ఆరోగ్యవంతమైన బిడ్డలను కంటున్నారు. గర్భం వచ్చిందని మందు ఆపకూడదు. మోతాదు మార్చవలసి ఉంటుంది కనుక ముందే డాక్టరుకు చెప్పండి. బంధుత్వం లేని సంబంధం చూడటం మేలు.

ఇప్పటికే పసరు తాగించాము. డాక్టరుకు చెబితే కోప్పడతారేమో?
దాచకండి. ఏ ఆకు, ఎన్ని రోజులు, ఏ మాత్రలు అనేది తెలిస్తేనే వైద్యం సరిగా జరుగుతుంది. ఆ సీసా గాని పొట్లం గాని ఉంటే వెంట తీసుకురండి.

గుర్తుంచుకోండి

- కామెర్లు వస్తే ముందు రక్త పరీక్ష చేయించండి. రెండోసారి వస్తే విల్సన్ వ్యాధి పరీక్ష గురించి డాక్టరును అడగండి.
- కామెర్లతో మత్తుగా ఉండటం, తికమకగా మాట్లాడటం, రక్తం పడటం ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.
- రాగి చెంబు నీళ్ళు, భస్మాలు, తెలియని పొడులు రోగికి ఇవ్వవద్దు.
- మాత్రలు అయిపోకముందే మళ్ళీ తెచ్చుకోండి. ప్రయాణానికి వెళితే సరిపడా వెంట ఉంచుకోండి.
- తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి.

పసరు ఇచ్చే పెద్దలు చాలామంది మంచి మనసుతోనే ఇస్తారు. వారిని కించపరచనక్కరలేదు. "ముందు పరీక్ష చేయించి వస్తాము" అని మర్యాదగా చెప్పి బిడ్డను ఆసుపత్రికి తీసుకురండి.